మర్యాదలు మొదలైన ఏడాది

మా వైపు ఎవరైనా ఎవరినైనా ‘గారూ’ అని పిలిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మర్యాద మంచిదే, కాదనను. అబిజాన్ పట్నం మార్కెట్లో అరటి గెలలు అమ్ముకుంటూ రోజుకు ఎంతమందిని ‘అమ్మగారూ, అయ్యగారూ’ అని పిలుస్తానో నాకే తెలియదు. కానీ ఆ కోకో పంట కాలంలో మా ఇంట్లోకి మర్యాద ఎలా వచ్చిందో కళ్ళారా చూశాను. పాము వచ్చి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

మేము గూరో తెగవాళ్ళం. జాంగా అనేవాడు సెనూఫో తెగవాడు. మీసం మొలవని వయసులో మాలీ దేశం నుంచి కాలినడకన వచ్చి మా తాత వాకిట్లో నిలబడ్డాడట. గూరోలకూ సెనూఫోలకూ ముత్తాతల నాటి నుంచి వేళాకోళపు వరస. సరిహద్దుకు ఇవతలివాడైనా అవతలివాడైనా ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే. ‘నువ్వు నా బానిసవి’ అని మొదలుపెట్టి ఎంత దూరమైనా పోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. చెయ్యి మాత్రం ఎత్తకూడదు, ఒకరి నెత్తురు ఒకరు చూస్తే ఇరువైపులా అరిష్టం. ఒకరు పోతే రెండోవాడు వచ్చి శవాన్ని వెక్కిరించాలి, గోతిలో దిగి పడుకోవాలి, అడిగింది ఇస్తే గానీ లేవనని మొండికెయ్యాలి. అది జరగకుండా పూడ్చిపెడితే ఆ చచ్చినవాడు మనిషి కింద లెక్క కాదు.

అడవి అంచున తాత చోటిస్తే జాంగా చెట్లు కొట్టి కోకో వేశాడు. యేలే అనే పిల్లని పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. ఏటా తొలి కోతకి ముందు ఒక కోడిపుంజును చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. చోటిచ్చిన ఇంటికి అది మర్యాద. ఆ మర్యాద ఎలా ఉండేదో చెబుతాను.

“ఒరేయ్ వానియే! ఇంకా చావలేదా, నా బానిసా?” అని వీధి చివర నుంచే కేక.

తాత కుర్చీలోంచి కదిలేవాడు కాదు. “నువ్వు సజ్జ సంకటి గొంతుకడ్డం పడి చచ్చాక, నీ గోతిలో కాళ్ళు బారచాపుకుని పడుకుని, అప్పుడు చస్తాన్రా. పుంజేదీ? ఇదేనా? పావురాన్ని తెచ్చి పుంజంటావేం!”

“నీ మొహానికి ఇది చాలు. పళ్ళున్నాయా నమలడానికి?”

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటపాకలోకి పోయేది. నేనూ మా అన్నయ్య ఇరియే ఆ తిట్లు వింటూనే పెరిగాం. చిన్నప్పుడు అన్నయ్య జాంగా భుజాల మీదెక్కి, అతని మీసాలు రెండు చేతులా పట్టుకుని “బొద్దింక మీసాలోడా, నడు!” అని తోలేవాడు. జాంగా వాణ్ణి ‘అరటిబోదె’ అనేవాడు. ఎన్ని పొరలు ఒలిచినా లోపల ఏమీ ఉండదని.

ఆ ఏడు కూడా జాంగా పుంజుతో వచ్చాడు. ఆ ముందు రోజే అన్నయ్య అబిజాన్ నుంచి వచ్చాడు. చదువుకున్నాడు, రేవులో ఉద్యోగం చేశాడు, ఆ ఉద్యోగం పోయింది. ఒక సంచీతో, ఒక సర్టిఫికెట్‌తో, మూతి ముడుచుకుని వచ్చాడు. జాంగా వాణ్ణి చూడగానే పుంజును వదిలేసి చేతులు చాచాడు.

“ఎవర్రా ఇది, అరటిబోదె! పట్నం నీళ్ళు తాగినా లావెక్కలేదేం?”

అన్నయ్య లేచి నిలబడ్డాడు. “నమస్కారం, బెర్తె గారూ. బాగున్నారా? కూర్చోండి,” అన్నాడు.

జాంగా చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఇంటిపేరుతో, గారుతో అతన్ని పిలిచినవాళ్ళు అప్పటిదాకా పోలీసులు ఒక్కరే. తాత వైపు చూశాడు. తాత నేల వైపు చూశాడు. నేనిచ్చిన మంచినీళ్ళ చెంబులోంచి సగం జాంగా చొక్కా మీదే పోయాయి. కాసేపు కూర్చుని, ఒక్క తిట్టూ తిట్టకుండా వెళ్ళిపోయాడు.

“నీకు మతిపోయిందా?” అని తాత అన్నయ్య మీద విరుచుకుపడ్డాడు. “పుంజు తెచ్చినవాణ్ణి అలా అవమానిస్తావా?”

“అవమానించానా? గారూ అన్నాను తాతా!”

“అదే అంటున్నా!”

అన్నయ్య కూడా ఊరుకోలేదు. “చట్టం మారింది తాతా. భూమి ఈ దేశంలో పుట్టినవాళ్ళకే. పంట అయిపోగానే సర్కారు సబ్‌ప్రిఫెక్ట్ ఆఫీసు నుంచి హద్దుల కమిటీ వస్తోంది. ఆ రోజు నేల మీద ఎవడు నిలబడితే వాడి పేరే రాసుకుంటారు. నేను పట్నంలో పనికిరానని పంపేశారు. ఇక్కడికొస్తే మా తాత నేలలో నాకు గుంట కూడా లేదు, అంతా పరాయివాడి కోకో! మరి నన్నెక్కడికి పొమ్మంటావు, చంద్రుడి మీదికా?”

“వాడు నాటినప్పుడు అది చిరుతలు తిరిగే అడవిరా.”

“ఇప్పుడు చిరుతల్లేవుగా.”

తాత గట్టిగా ఊపిరి తీసి, “కమిటీ రానీ. ఇది నేనిచ్చిన మాట, వాడూ వాడి పిల్లలూ సాగు చేసుకుంటారు, మన వాటా మనకిస్తారు అని నా నోటితో నేనే చెబుతా. కౌలు రాయించుకోవచ్చట, ఊరిపెద్ద చెప్పాడు. నా పీక మీద తలున్నంత వరకు వాణ్ణి కదిలించేవాడు లేడు,” అన్నాడు.

నాకు మాత్రం అన్నయ్య మీద కోపం రాలేదు. వాడు చెప్పింది అబద్ధం కాదు. వాడి కోసం ఏడుపొచ్చింది, జాంగా కోసమూ ఏడుపొచ్చింది. ఆ వయసులో నాకు ఏడుపు రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదనుకోండి.

మర్యాద అంటువ్యాధి. వారం తిరక్కుండా ఊరంతా పాకింది. పట్నం నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన కుర్రాళ్ళు అన్నయ్య చుట్టూ చేరి సంఘం పెట్టారు. అడవి దారికి అడ్డంగా దుంగలు పడేసి, మాలీ నుంచీ బుర్కినా నుంచీ వచ్చినవాళ్ళని ఆపి, “దయచేసి మీ గుర్తింపు కార్డు చూపించండి” అనేవాళ్ళు. కమిటీ వచ్చేలోగా పరదేశులంతా గుడిసెలు ఖాళీ చెయ్యాలని చాటింపు వేయించారు. సబ్‌ప్రిఫెక్ట్ ఒకసారి జీపులో వచ్చి, చట్టం చేతికి తీసుకోవద్దని చెప్పి, మా తోటకూర పులుసు తిని వెళ్ళాడు. ఆయన జీపు కోసం దుంగలు పక్కకు జరిగాయి, మళ్ళీ యథాస్థానానికి వచ్చాయి.

కాయలు కొట్టే రోజు చూడాలి. ప్రతి ఏడూ జాంగా తోటలో కోకో కాయలు గుట్టగా పోసి, ఇరువైపులవాళ్ళమూ చుట్టూ కూర్చుని, కత్తితో కాయ చీల్చడం, గింజలు అరటాకుల మీద పోయడం, ఒకరి వంశాన్ని ఒకరు ఉతికి ఆరేయడం. ఆ ఏడు అమ్మా నేనూ మాత్రమే వెళ్ళాం. కత్తుల చప్పుడు తప్ప మరేమీ లేదు. యేలే మా అమ్మకు ఎన్నో ఏళ్ళ నుంచి నేస్తం, ఇద్దరూ కలిసే అరటి గెలలు లారీకి ఎక్కించేవాళ్ళు. ఆ రోజు యేలే అమ్మతో, “మీరు ఎండలో కూర్చోకండి, ఇలా నీడకి రండి” అంది.

అమ్మ కత్తి కింద పెట్టేసింది. “మీరేంటే, మీరు? నా కూతురు పుట్టినప్పుడు బొడ్డు కోసినదానివి నువ్వు కాదూ?”

“ఏమో అక్కా. ఏ మాట ఎక్కడ తగులుతుందో అని భయంగా ఉంది. నోరు దానంతటదే అలా తిరుగుతోంది.”

ఇద్దరూ కాయల గుట్ట మీద పడి ఏడ్చారు. జాంగా విననట్టు చెట్టు పైకి చూస్తూ కూర్చున్నాడు. బెరడు మీద బొద్దింక కూడా లేదు అక్కడ, ఏం చూశాడో!

గింజలు చాపల మీద ఎండుతున్నప్పుడు ఉత్తరాది దుమ్ముగాలి మొదలైంది. ఆ గాలికి ముసలివాళ్ళ ఊపిరితిత్తులంటే లోకువ. తాత దగ్గు ఎక్కువైంది. కమిటీ వచ్చేదాకా ఉండాలని పంతం పట్టినట్టు కషాయాలన్నీ తాగాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, “వాడికి చెప్పు, పందెంలో వాడే గెలిచాడని. నేనే ముందు పోతున్నా. నా గోతిలో వాడికి చోటు చాలదేమో, కాస్త వెడల్పుగా తవ్వించు,” అన్నాడు.

“నువ్వే చెప్పు తాతా, రమ్మంటాను.”

“వద్దు. దుంగల దగ్గర వాణ్ణి కార్డు అడుగుతారు. నా ఇంటికి రావడానికి వాడు కార్డు చూపిస్తే నేను చూడలేను.”

సూర్యుడు దిగకముందే పోయాడు. నేను చెప్పవలసింది చెప్పలేదు. చీకటి పడ్డాక దుంగల దగ్గర మమ్మల్ని కూడా అటు పోనిచ్చేవాళ్ళు కాదు. అవతల జాంగా అప్పటికే మూటలు కట్టేసుకున్నాడని, మర్నాడు లారీ మాట్లాడుకున్నాడని యేలే అమ్మకు కబురు పంపింది. మాట ఇచ్చిన నోరు మూతబడింది. ఇక కమిటీ ముందు మాట్లాడాల్సింది నాన్న లేని ఇంటికి పెద్ద మగవాడైన అన్నయ్య. వాడేం చెబుతాడో ఊరందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న వాకిట్లో తాతను చాప మీద పడుకోబెట్టాం. ఇంటి వెనక గొయ్యి తయారైంది. చావు డప్పు మోగుతోంది. తాత చెల్లెలు జెనే నానమ్మ కర్ర ఊపుకుంటూ వచ్చి చుట్టూ చూసింది.

“తిట్టేవాడేడీ?”

అందరూ దుంగల వైపు చూశారు.

“మా అన్నని తిట్టకుండా పూడుస్తారా? కుక్క అనుకున్నార్రా?”

అన్నయ్య ముందే ఆలోచించాడు. “ఏర్పాటు చేశాను నానమ్మా. టౌన్లో లారీ మెకానిక్ ఉన్నాడు, సెనూఫోనే, మన దేశస్థుడే. వస్తున్నాడు.”

వచ్చాడు పాపం. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు. పట్నంలో పుట్టి పెరిగినవాడు. చాప దగ్గర నిలబడి, తలవంచుకుని, రెండు చేతులూ కట్టుకుని, “తాతగారు మహానుభావులు. వారి ఆత్మకు శాంతి కలగాలి. మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి,” అన్నాడు.

నానమ్మ కళ్ళు ఇంతంత అయ్యాయి. “వీడెవర్రా! మా అన్నని పట్టుకుని మహానుభావుడంటాడా! తిట్టు!”

“నాకు... అలవాటు లేదమ్మా. మా అమ్మ ఎవర్నీ ఏమీ అనొద్దని పెంచింది.”

“అయితే గోతిలోనన్నా దిగు!”

అతను గొయ్యి దాకా వెళ్ళి, లోపలికి చూసి, తన బూట్ల వైపు చూసుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు. అన్నయ్య ముఖం నల్లబడిపోయింది.

అప్పుడు దుంగల వైపు నుంచి దగ్గు వినబడింది. తాత దగ్గు! మూడు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు, ఆ తర్వాత ఉమ్ము. నానమ్మ కర్ర జారవిడిచింది.

జాంగా వస్తున్నాడు. తాత టోపీలాంటి చిల్లు టోపీ, తాత చేతికర్రలాంటి కర్ర, ఎడమకాలు ఈడుస్తూ అచ్చం తాత నడక. దుంగల దగ్గర కుర్రాళ్ళు అడ్డం రాబోయారట. “కార్డా? నా కార్డు మీ తాతలు పుట్టినప్పుడే ఎలుకలు తినేశాయిరా” అని తాత గొంతుతో అనేసరికి ఒకడికి నవ్వొచ్చింది. ఒకడు నవ్వాక మిగతావాళ్ళు ఏం ఆపుతారు? వాళ్ళలో ముగ్గురు నలుగురు అతని వెనకే తాత నడక నడుస్తూ వచ్చేశారు.

“ఏరా వానియే!” అన్నాడు జాంగా చాప దగ్గర ఆగి. “పనుందంటే చాలు పడుకుంటావు! రేపు కమిటీ వస్తోందని తెలిసి కావాలనే చచ్చావు కదూ, సోమరిపోతా? లే! లేవరా, నా బానిసా! నీ వాటా కోకో ఎవడు మోస్తాడు, నేనా?”

వాకిలి ఒక్కసారిగా ఘొల్లుమంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. అమ్మ ఒకవైపు కళ్ళు తుడుచుకుంటూ మరోవైపు పొట్ట పట్టుకుంది. మెకానిక్ నోరు తెరుచుకుని చూశాడు. జాంగా తిట్టి తిట్టి, గోతి దగ్గరికి పోయి, టోపీతో సహా దిగి పడుకున్నాడు.

“ఆహా, వెడల్పుగా తవ్వారే! నేను లేవను. వీణ్ణి ఇంట్లోనే పెట్టుకోండి, వాసనొచ్చేదాకా.”

గోతిలోవాడితో బేరం చెయ్యాల్సింది ఇంటి పెద్ద. అన్నయ్య గట్టు మీద నిలబడ్డాడు. తోట అడుగుతాడనే అనుకున్నాం అందరం. ఆ స్థితిలో ఏమడిగినా కాదనడానికి లేదు. అన్నయ్య అదే అనుకుని పళ్ళు బిగించాడు.

“ఏం కావాలి మీకు? దయచేసి పైకి రండి.”

“మీరా?” జాంగా అటూ ఇటూ చూశాడు. “ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాగా. ఆ మీరు ఎవరు?”

జనం నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. “ఏం కావాలో చెప్పండి.”

“నన్ను తిట్టు.”

“ఏంటి?”

“నాకేం వద్దు. తోటా వద్దు, మేకా వద్దు. మూటలు కట్టుకున్నా, లారీ వస్తుంది, పోతా. పోయేముందు మీ తాత ఇంటి నుంచి ఒక్క తిట్టు ఇవ్వు. మర్యాద మోసుకుని అంత దూరం వెళ్ళలేను.”

దుమ్ముగాలికి అరటాకులు గలగలమంటున్నాయి. అన్నయ్య నోరు తెరిచాడు. మాట సరిగా బయటికి రాలేదు.

“లే... బొద్దింక మీసాలోడా.”

“ఆఁ? వినబడలేదు. చచ్చినవాడి పక్కనున్నా కదా, చెవులు మూసుకుపోయాయి.”

“లేవరా బొద్దింక మీసాలోడా!” అని అన్నయ్య అరిచాడు. “మా తాత గోతిలో నీకేం పనిరా, సజ్జగంజి మొహమా! నీ మొహం చూస్తే మా తాత మళ్ళీ చస్తాడు!”

“అదీ!” అన్నాడు జాంగా. చెయ్యి పైకి చాచాడు. అన్నయ్య వంగి పైకి లాగాడు. లాగినవాడు చెయ్యి వెంటనే వదల్లేదు. అంతే జరిగింది. డప్పు మళ్ళీ మొదలైంది, తాతను దించాం.

ఖననం తర్వాత ఊరందరికీ అన్నం వండాలి. కట్టెలు చాలలేదు. నానమ్మ కుర్రాళ్ళను కేకేసి, “దారిలో అంత ఎండుకర్ర పెట్టుకుని కట్టెల్లేవంటారేం, తీసుకురండి!” అంది. వాళ్ళు అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య గొడ్డలి అందుకుని తనే ముందు నడిచాడు. ఆ సాయంత్రం మేం తిన్న అన్నం దుంగల మీద ఉడికింది. జాంగా లారీ వచ్చి, హారన్ కొట్టి కొట్టి, తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆ డ్రైవర్ తిట్లకి వరసలేవీ లేవు.

అన్నీ ఇలాగే చక్కబడ్డాయని అబద్ధం చెప్పను. బుర్కినా నుంచి వచ్చిన మోసీ తెగవాళ్ళతో మాకు ఆ వరస లేదు. వాళ్ళు దుంగలు కాలకముందే వెళ్ళిపోయారు. అన్నయ్య వెళ్ళి పిలిస్తే ఒక్క కుటుంబమే తిరిగొచ్చింది. మిగతా గుడిసెల మీద తీగలు పాకాయి. ఆ దారిన పోయినప్పుడు అన్నయ్య తల తిప్పుకునేవాడు.

కమిటీ వచ్చింది. సముద్రం వైపు నుంచి వచ్చిన, మా వరసలు తెలియని కళ్ళద్దాల అధికారి తోట మధ్య నిలబడి జాంగాను చూపించి అన్నయ్యను అడిగాడు, “ఈయన మీకేమవుతారు?”

“నా బానిస,” అన్నాడు అన్నయ్య.

“అబద్ధం సార్,” అన్నాడు జాంగా. “వీడే నా బానిస. తరతరాలుగా.”

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నేనేం రాసుకోవాలయ్యా?”

“కౌలని రాసుకోండి,” అన్నాడు అన్నయ్య. “తాత మాట. వీడికీ వీడి పిల్లలకీ. ఆ వాగు పక్క ఖాళీ నేల నాకు రాయండి. కోకో ఎలా నాటాలో ఈ సజ్జ సంచిగాడు నేర్పుతాడు.”

నేర్పాడు. పదేపదే తిడుతూ నేర్పాడు. ఆ చెట్లు ఇప్పుడు కాస్తున్నాయి.

మొన్న దుమ్ముగాలి కాలంలో జాంగా పోయాడు. నేను అబిజాన్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్ళాను. వాకిట్లో అన్నయ్య చిల్లు టోపీ పెట్టుకుని, నల్లదారంతో కట్టిన దొంగ మీసాలు అంటించుకుని, నడుం మీద చేతులు పెట్టి జాంగాలా నడుస్తున్నాడు. అన్నయ్యకు నెత్తి నెరిసింది. అందర్నీ నవ్వించాడు. శవాన్ని తిట్టాడు, వంశాన్ని తిట్టాడు, ఆ తర్వాత గోతిలో దిగి పడుకున్నాడు.

జాంగా పెద్దకొడుకు గట్టు మీద నిలబడి ఆచారం ప్రకారం అడిగాడు, “ఏం కావాలిరా బానిసా? మేకా? పుంజా?”

“ఏం వద్దు,” అంది గోతిలోంచి గొంతు. “వాణ్ణి నన్నొక తిట్టు తిట్టమను. లేస్తా.”

జనం నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. కొడుకు చాప మీది తండ్రి వైపు చూశాడు. అన్నయ్య టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. వరసైనవాడు ఆ రోజు ఏడవకూడదు, ఏడిస్తే తప్పు. టోపీ కింద భుజాలు కదులుతున్నాయి. దొంగ మీసం ఊడి మట్టిలో పడింది.

అప్పుడు యేలే లేచింది. చూపు సరిగా ఆనదు, నన్ను పట్టుకుని గట్టు దాకా వచ్చింది. వంగి, గోతిలోకి చెయ్యి చాచి, మొగుడి గొంతుతో గట్టిగా కేకేసింది.

“లేవరా అరటిబోదె! ఎండెక్కుతోంది, పనుల్లేవా?”